యెమ్ట్‌లాండ్ వాళ్ళ ఒట్టు

ఇవాళ పొద్దున మా వీధిలో పడుగు చాచి గంజి పెడుతున్నారు. తడి నూలు మీద ఎండ పడి, ఆ పులిసిన వాసన మా అరుగు దాకా వచ్చింది. నూలు కండెలు చుట్టే చెయ్యి అలాగే ఆగిపోయింది నాకు. ఆ వాసనకి పడుగు దగ్గర ముఖం పెట్టి, మా నాయనమ్మ ఇంట్లో ఇదే వాసన వచ్చేది అని చెప్పే ఇంగ్రిడ్ కళ్ళ ముందు నిలిచింది. వాళ్ళ నాయనమ్మ అవిసె నారతో బట్ట నేసేదట.

గుంట మగ్గం నేర్చుకోవాలని ఆమె స్వీడన్ నుంచి చీరాల వచ్చింది. మా ముందు గదిలో దిగి, రెండేళ్ళు మా ఆయన దగ్గర పనీ, కూడబలుక్కుని తెలుగు చదవడమూ నేర్చుకుంది. ఆయన్ని మాస్టారూ అనేది, నన్ను అక్కా అనేది. నీది స్వీడనా అని ఎవరడిగినా తలూపి ఊరుకునేది కాదు. స్వీడనే, కానీ మాది యెమ్ట్‌లాండ్ అని చెప్పేది. ఆ దేశంలో ఉత్తరాన, మంచుకొండల పక్కనున్న సీమ అది. "గుంటూరు వాళ్ళు మిరపకాయ గురించి చెప్పినట్టు చెబుతావేంటమ్మా" అని మా ఆయన ఏడిపించేవాడు. ఆమె నవ్వి కథ ఎత్తుకునేది. ఒకప్పుడు అక్కడి రైతులు పెద్ద సరస్సులోని దీవి మీద కూడి, తమ తగవులు తామే తీర్చుకునేవారట. తర్వాత నార్వే రాజు కిందికి వెళ్ళారు, ఆ తర్వాత నార్వేతో పాటే డెన్మార్క్ రాజు కిందికి, యుద్ధాలయ్యాక స్వీడన్ కిందికి. సరస్సు కదల్లేదు, మనుషులూ కదల్లేదు. అది విని మా ఆయన నేస్తున్న నాడె ఆపి, "మా నాన్న పుట్టింది గుంటూరు జిల్లా, నేను పుట్టింది ప్రకాశం. ఇద్దరం పుట్టింది మాత్రం ఈ గదే" అన్నాడు. ఇప్పుడు మాది బాపట్ల జిల్లా అంటున్నారు. ఆయన ఉంటే నవ్వేవాడు.

ఆయన జ్వరంతో పోయాడు. పెద్దకర్మ అయిన వారానికి మా మరిది శ్రీను ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని కాగితం తెచ్చాడు. "నీ మంచికే వదినా. వేలిముద్ర వెయ్యి, నిన్నెవరూ కదిలించరు" అన్నాడు. నాకు అప్పట్లో పేరు రాయడం కూడా రాదు. పిల్లల్లేరు, పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. వీళ్ళు పొమ్మంటే ఎక్కడికి పోను అన్న భయంతో వేసేద్దామనే అనుకున్నాను. ఎందుకో గాని, రేపు రమ్మన్నాను.

వాళ్ళు కాగితం వదిలి వెళ్ళాక ఇంగ్రిడ్ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి దాన్ని చదివింది. ఇంటి మీదా మగ్గం మీదా నాకు హక్కు లేదనీ, ఉండనిచ్చినన్నాళ్ళు ఉంటాననీ ఉంది అందులో. కాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత వాళ్ళ పాతకాలపు సంగతి చెప్పింది. స్వీడన్ సైన్యం యెమ్ట్‌లాండ్ మీదికొచ్చి, రైతులందర్నీ తమ రాజుకు లోబడి ఉంటామని ఒట్టు వేయమందట. ఇళ్ళు నిలుపుకోవడానికి వేశారు. యుద్ధం ఆగాక ఆ సీమ మళ్ళీ పాత డెన్మార్క్ రాజుకే పోయింది. మీరు ద్రోహులు అని ఆయన వాళ్ళ పొలాలు లాక్కుని, అదే పొలాల్లో కౌలుకు ఉండమన్నాడట. ఇంటి కోసం వేసిన ఒట్టే ఇంటిని పోగొట్టింది.

వాళ్ళది తప్పంటావా అని అడిగాను.

"కాదక్కా. వాళ్ళ ఎదురుగా సైనికులున్నారు. నీ ఎదురుగా ఏముంది?"

పొద్దున శ్రీను వచ్చి నిలబడితే అతని ముఖంలోకి చూశాను. నేను అన్నం పెట్టిన పిల్లాడే. అతని దగ్గర ఆ కాగితం తప్ప ఏమీ లేదు. పెద్దమనుషులు చూపు తిప్పుకున్నారు.

"నేను ఇక్కడే ఉంటాను శ్రీనూ. మీరు ఉండనిస్తే కాదు. ఉంటాను."

"ఆ తెల్లామె నేర్పిందా?"

"చదివి చెప్పింది. అంతే."

మూడేళ్ళు మా ఇంటి గడప తొక్కలేదు అతను. పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు తగ్గారు. అంతవరకూ కండెలు చుట్టడమే తెలిసిన నేను మగ్గం గుంటలో దిగి కూర్చున్నాను. మొదటి బట్ట వంకరగా వచ్చింది. ఇంగ్రిడ్ దాన్నే అడిగి తీసుకుని, మా ఆయన పోయిన ఏడాది చివర్లోనే వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అడిగాను, ఆ రైతుల పొలాలు ఏమయ్యాయని. చాలామంది మనవల కాలానికి తమ పొలాన్ని తామే కొనుక్కున్నారని చెప్పింది.

వేలిముద్ర వెయ్యలేదని నాకేం గొప్ప లేదు. నా గుమ్మంలో సైనికులుంటే నేనూ వేసేదాన్నే. అందుకే, ఎక్కడో ముద్ర వేసొచ్చి నా దగ్గర ఏడ్చే ఆడవాళ్ళని ఒక్క మాట అనను. పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఇంకా వెయ్యని వాళ్ళు వస్తే మాత్రం, నీ ఎదురుగా ఏముందమ్మా అని అడుగుతాను.