వెంట్రుకంత పొట్టి పెద్దత్తయ్య

మా బావమరిది ఒకసారి అసూయతో తల వెంట్రుకను నిలువునా రెండుగా కోశాడు. అబద్ధమాడితే నరకమేనని కాన్వెంటులో సిస్టర్లు పెట్టిన భయం ఇంకా పోలేదు కాబట్టి సరిదిద్దుకుంటున్నాను. కోసింది వెంట్రుకను కాదు, వెంట్రుకంత అట్టను. అసూయ మాత్రం చెప్పినంతా ఉంది, పిసరు కూడా తగ్గించను.

వాడు ప్రెస్సులో కటింగ్ మెషీన్ మీద పని చేస్తాడు. వాడి ప్రాణ స్నేహితుడు బోర్డులు రాసే పెయింటర్. ఇద్దరూ కలిసి ‘చుట్టాలొచ్చారు’ అని ఒక కార్డుల ఆట తయారుచేశారు. ప్రతి కార్డూ ఒక చుట్టం. పక్కవాళ్ళ చేతిలోంచి చూడకుండా ఒక కార్డు లాగాలి. మొగుడూ పెళ్ళాలు జత కలిస్తే వాళ్ళూరికి వెళ్ళిపోతారు. పెద్దత్తయ్యకు జత లేదు. చివరికి ఆవిడ ఎవరింట్లో మిగిలితే వాళ్ళు ఓడినట్టు.

నియమాలన్నీ మావాడివి. ఎనిమిది నెలలు మా భోజనాల బల్ల మీదే ఆడించి చూశాడు. “బావా, నువ్వు మరీ తొందరగా ఓడిపోతున్నావు, లాభం లేదు, మళ్ళీ ఆడు” అని నా ప్రాణం తీశాడు. బొమ్మలు పెయింటర్‌వి. పెద్దత్తయ్యకు రెండు చంకల్లో రెండు సంచులు, మొహంలో నెల్లాళ్ళకు తక్కువ కదలనన్న ధీమా. చూసినవాళ్ళంతా పెయింటర్‌ని మెచ్చుకున్నవాళ్ళే. ఆఖరికి మా ఆవిడ కూడా, “ఎంత బాగా వేశాడురా” అంది తమ్ముడితో.

“నియమాలెలా ఉన్నాయక్కా?”

“నియమాలా? ఉన్నాయిగా, ఏవో.”

ఆ పూట వాడు అన్నం సగంలో వదిలేశాడు. మర్నాడు పెట్టె నమూనా వచ్చింది. మీద పెయింటర్ పేరు బొటనవేలంత, మావాడి పేరు చీమంత.

“చోటు చాల్లేదురా” అన్నాడు పెయింటర్.

“నీ పేరుకు చాలిందిగా.”

కార్డులు కోసే పని మావాడిదే. రెండు వందల పెట్టెలకు రెండు వందల మంది పెద్దత్తయ్యలు. అందరినీ దొంతిగా పేర్చి, అంచులు తట్టి సర్ది, మళ్ళీ కత్తి కింద పెట్టాడు. ఒక్క వేటుకు అందరూ వెంట్రుకంత పొట్టివాళ్ళయ్యారు. ఆవిడెక్కడుందో వేలికి తెలిసిపోతే ఇక ఎవరూ లాగరు, ఆట చచ్చిపోతుంది, పెయింటర్ పరువూ పోతుంది. అదీ వాడి లెక్క. తన ఎనిమిది నెలలూ అందులోనే పోతాయని తోచలేదు. అసూయకు ముందుచూపు ఎక్కడిది?

స్టేషనరీ షాపు మేడ మీద గదిలో ఆట విడుదల చేశారు. షాపావిడే మొదట ఆడింది. పక్కాయన పట్టుకున్న కార్డుల మీద వేలు పోనిచ్చి ఆగింది. “ఇదేంటి, ఒకటి పొట్టిగా ఉంది?”

మావాడి కళ్ళు మెరిశాయి.

“ఏం, లాగరా?” అన్నాడు పక్కాయన.

“పెద్దత్తయ్యేమోనని.”

“నేనే ఇంకో కార్డు కిందికి నొక్కిపెట్టానేమో.”

గదంతా గొల్లున నవ్వింది. ఇక అందరూ తడమడమే, నొక్కిపెట్టడమే, మొహాలు చదవడమే. సాయంత్రానికి పెట్టెలన్నీ అయిపోయాయి.

“అత్తయ్యను పొట్టి చెయ్యాలని మీకెలా తట్టిందండీ?” అని షాపావిడ అడిగింది, పెయింటర్‌నే.

“ఏదో, అలా తట్టింది” అన్నాడతను, మావాడి వంక చూస్తూ.

మావాడు తేలు కుట్టిన దొంగలా గోడకు చేరబడ్డాడు. జీవితంలో మొదటిసారి జనం మెచ్చిన పని చేశాడు. నాదేనని నోరు విప్పే వీల్లేదు.

రెండో విడత అచ్చుకు ముందు పెయింటర్ ప్రెస్సుకు వచ్చాడు. “ఒరే, ఈసారి పెట్టె మీద నీ పేరే పెద్దగా రాస్తాను. అత్తయ్యను ఎందుకు కోశావో ఒక్క మాట చెప్పు చాలు.”

“నేను కొయ్యలేదు.”

“అయితే నా పేరే ఉంటుంది మరి.”

“ఉండనీ.”

ఇదంతా రాసి మొన్న వాడికే చదివి వినిపించాను. కళ్ళద్దాలు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు.

“ఇందులో ఒక్క ముక్క నిజం లేదు బావా. కార్డులన్నీ ఒకే కొలత. నాకు అసూయేంటి, వాడి మీద?”