రెండో వరస, నడవ పక్క సీటు

పనిలో అందరూ ఆమెను బెల్టక్క అనేవాళ్లు. విమానం దిగి జనం వెళ్లిపోయాక లోపలికెక్కి శుభ్రం చేసే పదకొండుమందిలో ఆమే పెద్దది. పందొమ్మిదేళ్ల సర్వీసు. ఒక్కో విమానానికి నలభై నిమిషాలిస్తారు. ఆ కాస్తలోనే సీట్ల సందుల్లోంచి బిస్కెట్ పొడి, జడపిన్నులు, ఒకసారైతే కట్టుడుపళ్ల సెట్టు కూడా తీసింది. తుడవడం అయ్యాక బెల్టు కొసలు రెండూ ఒకదాని మీదొకటి అడ్డంగా పరచాలి. ఈ సీటు చూశాం, బాగానే ఉంది అని దానికి అర్థం. మిగతావాళ్లు విసిరేసి పోతే ఆమె ఇస్త్రీ చేసినట్టు పరిచేది. పేరు అలా వచ్చింది.

విమానంలో గదులకు వాళ్లు పెట్టుకున్న పేర్లు వేరు. ముందు పడుకుని పోయేవాళ్లది పడకగది. వెనక కిక్కిరిసి కూర్చునేది బస్సు. రెండిటికీ నడుమ నాలుగు వరసల ప్రీమియం ఎకానమీ మధ్యగది. అక్కడ సీటు కాస్త వెడల్పు, కాళ్లు చాపుకోవడానికి చిన్న పలక.

"అటు గొప్పా కాదు, ఇటు పేదా కాదు. మనలాంటి సంసారాలు ఎక్కేది ఇందులోనే" అన్నాడు దుమ్ము లాగే మిషను తోసే ముసలాయన.

"మనల్ని ఎక్కించేది సామాన్లతోపాటు కిందే బాబాయ్" అంది బెల్టక్క.

మంగళవారం మధ్యాహ్నం ఆ మధ్యగదిలోనే, రెండో వరసలో నడవ పక్క సీటు ఆమె చేతికి తేడాగా తగిలింది. ఎన్నిసార్లు నిటారుగా నిలబెట్టినా వెనక్కి జారిపోతోంది.

"వదిలెయ్ అక్కా, కూర్చున్నోళ్లే చెప్పుకుంటారు" అంది పక్కావిడ.

బెల్టక్క వదల్లేదు. సూపర్‌వైజర్‌ని పిలిచి చీటీ రాయించింది. చీటీ పడిన సీటులో బాగుచేసేదాకా ఎవర్నీ కూర్చోనివ్వరు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా మరిది, చెల్లెలి మొగుడు, ఫోన్ చేశాడు. పధ్నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న దేశంలో క్రేన్ నడుపుతాడతను. చెల్లెలికి లివరు చెడి ఏడాదయింది.

"డాక్టర్లు రెండు మూడు రోజులంటున్నారు వదినా. మాట ఉంది ఇంకా. అక్క ఎప్పుడొస్తుందని గంటకోసారి అడుగుతోంది."

చెల్లెలని పేరుకే. తల్లి పోయేనాటికి దానికి నాలుగేళ్లు, ఈమెకు పదమూడు. బడి మానేసి చంకనేసుకుంది. అది పెద్దదై పెళ్లయ్యేదాకా ఇద్దరికీ ఒకటే చాప. అది ఈమె మీద కాలు వేస్తేగాని నిద్రపోయేది కాదు. దానికి జబ్బని తెలియగానే ఈమె వీసా తీయించి పెట్టుకుంది. లేనిదల్లా టిక్కెట్టే.

సూపర్‌వైజర్ మంచివాడే. "ఉద్యోగుల కోటాలో రాయిస్తాను. కానీ సీటు మిగిలితేనే ఎక్కనిస్తారు, తెలుసుగా" అన్నాడు.

బుధవారం పొద్దున్నే చేతిసంచి ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గర కూర్చుంది. జనం ఎక్కుతూనే ఉన్నారు. ఆఖరికి తలుపు వేసేశారు. ఆమె లేచి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది. అతను ముఖం తిప్పుకున్నాడు.

"మొత్తం నిండిందా సార్?"

"నిండింది."

"ఒక్కటి కూడా లేదా?"

అతను కాసేపు నసిగాడు. "ఒకటుంది. మధ్యగదిలో. నువ్వు నిన్న రాయించిందే. మెకానిక్‌కి స్ప్రింగు దొరకలేదట. అట్లాగే కట్టేసి పంపారు."

ఆమె సంచి సర్దుకుంది. అతనికే ఉండబట్టలేదు.

"నువ్వు కాకపోతే ఇంకొకరు రాయించేవాళ్లే."

"ఎవరూ రాయించేవాళ్లు కాదు సార్" అంది.

గురువారం పోయిన వేరే విమానంలో ఆ ఒక్కటీ లేదు. శుక్రవారం పొద్దున మరిది మళ్లీ ఫోన్ చేశాడు. మాట పడిపోయిందనీ, ఊపిరి మాత్రం ఉందనీ, ఎట్లాగైనా రమ్మనీ. ఆ పూట గేటు దగ్గర ఆమెను పిలిచి సీటు నంబరున్న బోర్డింగు కాగితం చేతిలో పెట్టారు. చూసుకుంది. మధ్యగది, రెండో వరస, నడవ పక్క. బుధవారం పోయిన విమానమే తిరిగొచ్చింది. సీటు బాగుచేశారు.

తన చేతుల మీదుగా పోయిన వేల సీట్లలో ఒక్కదానిలోనూ ఆమె అంతవరకు కూర్చోలేదు. ఇప్పుడూ అంచు మీదే కూర్చుంది, ఎవరో వచ్చి లేపేస్తారన్నట్టు.

"వెనక్కి వాలండమ్మా, దూరప్రయాణం. బటన్ చూపించనా?" అంది విమానంలో పనిచేసే అమ్మాయి.

"తెలుసమ్మా. నిలబెట్టడానికి రోజూ నొక్కుతూనే ఉంటాను."

భోజనాలయ్యాయి. ఆమె చెయ్యి ఊరుకోలేదు. పక్కాయన కాగితం గ్లాసు, మడిచిన పేపరు తీసి తన సంచిలో కుక్కింది.

"ఏమండీ, అది నేనింకా చదవలేదు" అన్నాడాయన.

"తప్పయిందండీ. అలవాటు." పేపరు తీసి, ముడతలు సాపుచేసి ఇచ్చింది.

ఆయన నవ్వాడు. "ఎక్కడికి, చుట్టాలింటికా?"

"చెల్లెలి దగ్గరికండీ."

"చాలా రోజులైందా చూసి?"

"ఆరేళ్లు."

"ఇంకేం, కబుర్లకు వారం చాలదు."

ఆమె తలూపింది. ఆ తర్వాత ఆయన నిద్రపోయాడు. ఎదురుగా బుల్లి తెర మీద విమానం బొమ్మ నీలం రంగు మీద చీమలా పాకుతోంది. గంటైనా జరిగినట్టుండదు. ఇక్కడికి ఫోన్ రాదు. ఉందో లేదో దిగేదాకా తెలియదు. ఉంది, ఉంది అనుకుంటూ కూర్చుంది. ఒక్కసారి బటన్ నొక్కి చూసింది. సీటు మెత్తగా వెనక్కి పోయి అక్కడే ఆగింది. మళ్లీ నొక్కితే నిటారుగా లేచి నిలబడింది. ఎంతలో పని, ఒక్క స్ప్రింగు. ఇక ముట్టుకోలేదు. పధ్నాలుగు గంటలూ నిటారుగానే కూర్చుంది.

నేల తాకగానే ఫోన్ తెరిచింది. మరిది గొంతులో ఏడుపు అప్పటికే అయిపోయింది.

"మూడు గంటలైంది వదినా. గురువారం పొద్దున మాత్రం తెలివిలోనే ఉంది. తలుపు చప్పుడైతే చాలు, అక్కేనా అని అడిగింది. నువ్వు గాల్లో ఉన్నావు, ఎట్లా చెప్పను?"

గురువారం పొద్దున. బుధవారం ఎక్కి ఉంటే ఆ తలుపు తీసేది తనే. "వస్తున్నా నాయనా" అని పెట్టేసింది.

పక్కాయన ఆమెను దాటుకుని దిగిపోయాడు. పడకగది ఖాళీ అయింది, బస్సు ఖాళీ అయింది. ఆమె లేవలేదు. కాసేపటికి చేతులకు తొడుగులు, భుజాన సంచులతో ఆ ఊరి శుభ్రంచేసేవాళ్లు ఎక్కారు. అందులో ఒకావిడ, తెలుగావిడే, రెండో వరస దగ్గర ఆగింది.

"దిగాలమ్మా. మాకు టైము లేదు."

బెల్టక్క లేచింది. సంచి భుజానికేసుకుని, వెనక్కి తిరిగి, బెల్టు కొసలు రెండూ తీసి ఒకదాని మీదొకటి అడ్డంగా పరిచి చేత్తో సాపుచేసింది.

ఆ ఆడమనిషి బెల్టు వంక చూసింది, ఆమె చేతుల వంక చూసింది.

"మీరూ మా పనేనా? ఏమన్నా తేడాగా ఉందా అక్కా ఈ సీటు? చీటీ రాయించాలా?"

"వద్దమ్మా" అంది బెల్టక్క. "బాగానే ఉంది."