తొమ్మిదిసార్లు చదివిన మేక కథ

మా అక్క కూతురు లావణ్య సింగపూర్ నుంచి ఫోన్ చేసి, "పిన్నీ, ఇక్కడ మా పిల్లల తెలుగు క్లాసులో పుస్తకాల పండుగ పెడుతున్నారు. ముప్పై ఏళ్లు చిన్న పిల్లలకి అక్షరాలు దిద్దించావు, నువ్వొచ్చి మా పిల్లలకి చదవడమంటే ఇష్టం కలిగించాలి" అంది. ఆ చివరి మాటకి పడిపోయాను. లేకపోతే రిటైరయ్యాక బజారుకెళ్లడానికే బద్ధకించే నేను సముద్రం దాటడమేమిటి!

జూన్‌లో ఒక గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి బాపట్లలో రైలెక్కాను. పెట్టెలో నాలుగు చీరలు, పదకొండు కిలోల పిల్లల కథల పుస్తకాలు. ఎదురు సీటాయన పెట్టె లోపలికి జరపబోయి, "ఏం మోసుకెళ్తున్నారమ్మా, రుబ్బురోలా?" అన్నాడు. కథలండీ, సింగపూర్‌కి, అంటే నోరెళ్లబెట్టాడు. ఏడింటికి చెన్నైలో దిగి, విమానాశ్రయం దగ్గర లాడ్జిలో పడుకుని, శుక్రవారం ఉదయం పదింటి విమానం పట్టుకున్నాను. విమానంలో పెట్టిన ఉప్మా పిడచకట్టుకుపోయింది. వెళ్లేవాళ్లు పులిహోర పొట్లం కట్టుకోండి, విమానంలోనే తినేయండి.

అక్కడి టైము ప్రకారం సాయంత్రం ఐదింటికి దిగాను. లావణ్య, దాని ఎనిమిదేళ్ల కూతురు హంసిని వచ్చారు. అక్కడి మెట్రో రైలుకి టికెట్ల గొడవ లేదు, బ్యాంకు కార్డు చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. రెండుచోట్ల రైలు మారి లావణ్య వాళ్లుండే సెరంగూన్ చేరాలి. మొదటి రైల్లోనే హంసిని నా చేతిసంచీలోంచి ఒక పుస్తకం లాగింది. పెళ్లి శుభలేఖలన్నీ ఒక మేక నమిలేస్తుంది. పెళ్లికి ఒక్కరూ రారు. వండిందంతా ఏం చేస్తారు పాపం, ఆ మేకకే విస్తరి వేస్తారు. అదీ కథ. పిల్ల వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. మేక త్రేన్చే పేజీ దగ్గర పకపకా నవ్వింది. సెరంగూన్ వచ్చేలోపు మళ్లీ మొదటి పేజీ తిప్పింది. నా ప్రయాణం బడలికంతా ఎగిరిపోయింది.

మర్నాడు మిగతా పుస్తకాలన్నీ క్లాసు నడిపే ఆయనకి అప్పగించాను. ఆయన పిల్లలకి పంచాడు. పంచుతూ తలా ఒక రీడింగ్ కార్డు కూడా ఇచ్చాడు. చదివిన పుస్తకం పేరు అందులో రాయాలి, రేపు కాక ఆపై ఆదివారం పండుగలో ఎక్కువ రాసినవాళ్లకి కప్పు. కప్పు ఎందుకు బాబూ అని అప్పుడే అడగాల్సింది. అడగలేదు, నాదీ తప్పే.

ఆ వారమంతా హంసిని మేకతోనే ఉంది. చదివిన ప్రతిసారీ కార్డులో ఒక వరసలో బుద్ధిగా రాసుకునేది. లావణ్య వన్-నార్త్ అనే పేటలో ఆఫీసు నుంచి వస్తూనే, "వేరేది తియ్యవే, అదే పుస్తకమైతే ఎన్నిసార్లు చదివినా ఒకటే లెక్క" అనేది. "బట్ దిస్ వన్ నైస్ లా" అనేది పిల్ల. అక్కడ ఇంగ్లీషులో ప్రతి మాట చివరా ఒక 'లా' తగిలిస్తారు.

ఆదివారం తొమ్మిదింటికి పండుగకి బయల్దేరాం. పాయ లేబర్‌లో మారి తొమ్మిదిన్నర దాటాక బెడోక్‌లో దిగాం. పక్కనే హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, పరోటా, టీ. ఖాళీ బల్లల మీద టిష్యూ ప్యాకెట్లున్నాయి. అది పెడితే ఆ కుర్చీ మనదేనట, 'చోప్' అంటారు. బాగానే ఉంది పద్ధతి అనుకున్నాను. పండుగ హాల్లోకి వెళ్లాక తెలిసింది ఎంత బాగుందో. ముందు వరస కుర్చీలన్నిటి మీదా నేను మోసుకొచ్చిన కథల పుస్తకాలు! వీడియో బాగా రావాలని అమ్మానాన్నలు చోప్ చేశారట. ఒకటి తీసి చూశాను. పేజీలు అంటుకునే ఉన్నాయి, ఎవరూ విప్పిన పాపాన పోలేదు. ఒళ్లు మండిపోయింది. అయినా పళ్లబిగువున కూర్చున్నాను.

క్లాసాయన మైకులో లెక్కలు చదివాడు. ఒక పిల్లాడు నలభై పుస్తకాలు! దగ్గరికి పిలిచి, "నీకు బాగా నచ్చిన కథేది నాన్నా?" అని అడిగాను. వాడు వాళ్లమ్మ వైపు చూశాడు. "కార్డు నేనే నింపానాంటీ. ట్యూషన్లతో వీడికి టైమెక్కడిది?" అందావిడ, సిగ్గన్నది లేకుండా.

తరవాత హంసిని కార్డు. "నైన్ టైమ్స్ సేమ్ బుక్కా? దిస్ ఈజ్ చీటింగ్ అమ్మా" అని నవ్వుతూ, అందరి ముందూ ఎర్ర పెన్నుతో ఎనిమిది వరసలు కొట్టేశాడు. పిల్ల వాళ్లమ్మ వెనక నక్కింది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "చీటింగా? ఈ హాల్లో పుస్తకం చదివింది ఇదొక్కతే నాయనా! ఇష్టపడితేనే కదా తొమ్మిదిసార్లు చదువుతుంది? ఇష్టం కలిగించమని నన్ను పిలిచి, కలిగిన ఇష్టాన్ని కొట్టేస్తావా?"

"రూల్ ఈజ్ రూల్ ఆంటీ. ఇది లెక్కేస్తే మిగతా పేరెంట్స్ ఊరుకోరు."

"మరి పండుగ పిల్లలకా, పేరెంట్స్‌కా?"

లావణ్య నా కొంగు పట్టుకుని "పిన్నీ, ప్లీజ్, కూర్చో" అంది. కూర్చోలేదు. కప్పు నా చేతుల మీదుగా ఇప్పించాలని వాళ్ల ఏర్పాటు. నేనివ్వనని చెప్పి బయటికొచ్చేశాను. అది ఎవరికిచ్చారో తెలియదు, తెలుసుకోను కూడా.

తిరుగు రైల్లో హంసిని ఆ మేక పుస్తకం నా సంచీలో పెట్టేసింది. "ఐ డోంట్ వాంట్ లా, అమ్మమ్మా. ఐ చీట్" అంది. ఏడ్చినా బాగుండేది, ఏడవలేదు. సోమవారం ముట్టుకోలేదు. మంగళవారమూ ముట్టుకోలేదు. వారం రోజుల ముచ్చటని ఒక్క పెన్నుగీత ఆర్పేసింది. ఎవరిమీద కేకలేయను? లావణ్య మీదే వేశాను. "రోజూ లెక్కలడిగావే, ఒక్కసారైనా పక్కన కూర్చుని విన్నావా?"

"నాకు తెలుగు సరిగ్గా చదవడం రాదు పిన్నీ. స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ హిందీ కదా. దాని ముందు తడబడితే పరువు పోతుందని కూర్చోలేదు" అంది లావణ్య.

"పోతే పోనీవే పరువు!" అన్నాను.

బుధవారం మధ్యాహ్నం నా విమానం. తొమ్మిదింటికి రైలెక్కాం. ఖాళీ పెట్టె తేలిగ్గా దొర్లుతోంది. నా పుస్తకాలు మాత్రం వచ్చే ఏడాది పోటీకని పిల్లల దగ్గర్నుంచి మళ్లీ పోగుచేసి బెడోక్‌లో బీరువాలో పెట్టి తాళం వేశారట. మీలో ఎవరైనా ఇలా మోసుకెళ్తే నిర్వాహకుల చేతికివ్వకండి, పిల్లల చేతుల్లోనే పెట్టండి. ఇదే నేను నేర్చుకొచ్చింది.

పాయ లేబర్‌లో మారాక సీట్లు దొరికాయి. లావణ్య నా సంచీలో చెయ్యిపెట్టి మేక కథ తీసింది. వేలు పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టింది. ఒత్తుల దగ్గర ఆగుతోంది, వెనక్కెళ్తోంది, చెవులు ఎర్రబడ్డాయి. ఎదురుగా కూర్చున్న చైనా ముసలాయన ఫోను దించి చూస్తున్నాడు. హంసిని కిటికీలోంచి బయటికే చూస్తోంది. చివరికొచ్చేసరికి లావణ్య రెండు పేజీలు కలిపి తిప్పేసింది.

"యూ స్కిప్ లా, అమ్మా! మేక ఇంకా త్రేన్చలేదు!"

లావణ్య వెనక్కి తిప్పి త్రేన్పు చదివింది. చాంగి స్టేషన్లో దిగాక పిల్ల భయంభయంగా అడిగింది, "కార్డులో రాయాలా?"

"రాయక్కర్లేదే" అంది లావణ్య.

"దెన్ అగైన్ లా."

ఇద్దరూ ప్లాట్‌ఫారం బెంచీ మీద చతికిలబడ్డారు. నాకు టైమవుతోందే అన్నాను. "ఫ్లైట్ నీకు కదా, నువ్వెళ్లు అమ్మమ్మా" అంది హంసిని, తలెత్తకుండా. సాగనంపడానికొచ్చినవాళ్లు నన్ను గాలికొదిలేశారు. పెట్టె ఈడ్చుకుంటూ ఒక్కదాన్నే కౌంటర్‌కి వెళ్లాను.