బావగారి ‘ఆయ్’

మా బావగారు పోయారన్న కబురుతోపాటే, క్యాన్సర్ ఇంజక్షన్లే చంపేశాయన్న మాటా రాజోలు చుట్టుపక్కల పాకింది. మొదటిది నిజం. రెండోదాన్ని పుట్టించిన మా బంధువుల కోసమే ఇది రాస్తున్నాను. వాళ్ళలో చదివే అలవాటున్న మనిషి ఒక్కరున్నా, మిగతావాళ్ళకి వినిపించవచ్చు.

ఆయన మా అక్క భర్త, కొబ్బరి వ్యాపారి. బేరగాళ్ళు ఏమన్నా “ఆయ్, ఆయ్” అని మర్యాదగా ఒప్పేసుకునే మనిషి, బావమరిదినైన నా మాటకి మాత్రం జీవితంలో ఆయ్ అనలేదు. “పుస్తకాలు తింటే జ్ఞానమొస్తే చెదపురుగు పండితుడయ్యేదోయ్” అనేవారు. దానికి జవాబు ఇంకా వెతుకుతున్నాను.

ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ముదిరిందని తేలాక, ఒంట్లోని రక్షణశక్తినే రోగం మీదికి ఉసిగొలిపే ఇంజక్షన్లున్నాయని కాకినాడలో డాక్టరు చెప్పారు. రాగల చిక్కులూ దాచలేదు. బంధువులు వద్దన్నారు. బావగారు అక్కవైపు చూశారు. “వేయించుకోండి,” అంది అక్క. ఆ తర్వాత రెండేళ్ళు ఆయన కొబ్బరి దింపులకి దగ్గరుండి, సాయంత్రాలు నాతో పోట్లాడారు. ఆ పోట్లాటలకి అక్కకు రుణపడి ఉన్నాను.

మొన్నామధ్య పదిరోజులు ఊళ్ళో లేక, తిరిగొచ్చీ రాగానే ఆయన్ని రెచ్చగొడదామనే, కొబ్బరికంటే తాడిచెట్టు గొప్పదన్నాను.

“ఆయ్,” అన్నారు.

“విన్నారా బావా?”

“ఆయ్.”

పక్కనున్న మా పెదనాన్నగారి అబ్బాయి మురిసిపోయారు. “వారం నుంచీ ఇంతే. రోగం మర్యాద నేర్పిందిరా. ఎంత నెమ్మదైపోయేరో చూడు.”

నేను కారు పిలిపించాను.

ఆసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్, ఇన్నేళ్ళూ ఒంట్లో నిద్రపోయి, మెదడులో లేచింది. ఆ ఇంజక్షన్ల తర్వాత బహు అరుదుగా ఇలా జరుగుతుందన్నారు డాక్టరు. ముందే తెచ్చి ఉంటే మందు పనిచేసే అవకాశం ఎక్కువుండేదనీ అన్నారు. బావగారు దక్కలేదు. ఇంజక్షన్ల పాత్ర లేదని నేననను. కానీ ఆ వారం మర్యాదను మెచ్చుకుంటూ కూర్చున్నవాళ్ళు అక్కను తప్పుపడితే ఊరుకోను.

నేను నోరు విప్పాల్సిన అవసరం అక్క రానివ్వలేదు. మాసికం నాడు విస్తరి ముందు కూర్చుని అదే అన్నయ్య, “ఇంజక్షన్లు వద్దన్నాం. విన్నావా అమ్మా?” అన్నారు.

“వినుంటే ఈ భోజనం మీరు రెండేళ్ళ క్రితమే చేసేవారండి అన్నయ్యగారూ,” అంది అక్క. “ఇంకో గారె వేయనా?”

నెయ్యిగిన్నె పట్టుకుని, ఆయన అన్నం కలుపుకునేదాకా అక్క అక్కడే నిలబడింది.