దోసిలి మీద ఆగిన చెంబు

నా చిన్నప్పుడు మా ఊళ్లో నీళ్లు తోడుకునేవాళ్లు వేరు, పోయించుకునేవాళ్లు వేరు. నూజివీడుకు ఆమడ దూరంలో మా తాతయ్యకు పెద్ద మామిడితోట ఉండేది. ఎండాకాలంలో చుట్టుపక్కల బావులన్నీ అడుగంటినా తోట మధ్య బావిలో మాత్రం నీళ్లుండేవి. కాయలు కోసే కూలీల ఇళ్ల ఆడవాళ్లు బిందెలు దించి గట్టుకు దూరంగా నిలబడేవారు. చేద వాళ్లు ముట్టకూడదు. మా ఇంటి మనిషి ఎవరైనా తోడి, పైనుంచి పోయాలి.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడో, ఆ పై ఏడో సరిగ్గా గుర్తు లేదు. కృష్ణ నీళ్లను మెట్ట ఊళ్లకు కూడా మళ్లించాలని ప్రభుత్వం ఆలోచిస్తోందని అందరూ చెప్పుకున్నారు. ఏ ఊళ్లో నీటికి ఎంత కటకటో రాసుకోవడానికి ఒక ఇంజనీరు గారు జీపులో తిరుగుతున్నారు. రెడ్డిగూడెం అయిపోయింది, తర్వాత మా ఊరే. కూలీలు ఒకటే సంబరపడ్డారు. వాళ్లకూ తలా ఒక చెక్క మెట్ట నేల ఉంది, కాలువ వస్తే వరి వేసుకోవచ్చు. మా తాతయ్య అరుగు మీద కూర్చుని మా నాన్నతో అన్న మాట మాత్రం నేను విన్నాను. "కాలువొస్తే ఎవడి చెక్క వాడు దున్నుకుంటాడ్రా. మన కాయలు కోసేదెవడు, నువ్వా?"

ఇంజనీరు గారు వస్తారనగా నాలుగు రోజుల ముందు, కలరా రాకుండా బావిలో ఎర్రమందు వేయించాననీ, మళ్లీ చెప్పేదాకా ఆ నీళ్లు ఎవరూ తాగకూడదనీ తాతయ్య కబురు పంపాడు. తోటకు నీళ్లు తోడే మోట కూడా ఆపించాడు. మందేమీ వేయలేదు. మేం తెల్లారగట్లే తోడుకుని తాగుతూనే ఉన్నాం. కూలీలు వాగులో చెలమలు తీసుకుని ఆ బురదనీళ్లు తాగారు. బావిలో నీళ్లు రోజురోజుకీ పైకి ఊరాయి.

తోట కాపలాదారు భార్యను మేం పిల్లలం తోటక్క అనేవాళ్లం. మూడో రోజుకి ఆమె చంటిపిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి.

మర్నాడు పొద్దున జీపు వచ్చింది. తాతయ్య ఇంజనీరు గారిని బావి దగ్గరకు తీసుకొచ్చి, ఆడవాళ్లందరినీ పిలిపించాడు. మా నాన్న తోడుతుంటే, పోయడానికి చెంబు తాతయ్య నా చేతికిచ్చాడు. "మా మనవరాలండీ. మా ఇంట్లో దానధర్మాలన్నీ దీని చేతి మీదుగానే" అని నవ్వాడు. నాకు ఎనిమిదేళ్లు. ఆ పని నాకు అప్పగించడం అదే మొదలు. పొంగిపోయాను.

ముందుగా తోటక్క వచ్చింది. పిల్లాణ్ణి చెట్టు నీడలో పడుకోబెట్టి, బిందె పక్కన పెట్టి, వంగి దోసిలి పట్టింది. పోశాను. గటగటా తాగుతోంది.

ఇంజనీరు గారు ఆమెనే అడిగారు. "ఏమ్మా, నీళ్లకి ఇబ్బంది ఉందా? ఎండాకాలం బావిలో ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?"

ఆమె తల ఎత్తింది. తాతయ్య ఆమెను చూడలేదు, నన్ను చూశాడు. ఒక్క మాట అనలేదు, కనుబొమ్మ కూడా కదపలేదు. నాకు అర్థమైంది. చెంబు పైకెత్తాను. ధార ఆగిపోయింది.

ఖాళీ దోసిలి అలాగే పట్టుకుని, ఆమె ఒకసారి పిల్లాడి వైపు చూసింది.

"ఇబ్బందేం లేదండీ. అయ్యగారి దయ."

మళ్లీ పోశాను. బిందె పొర్లిపోయేదాకా పోశాను. ఇంజనీరు గారు పుస్తకంలో రాసుకున్నారు. వెనకున్న ఆడవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు అదే మాట చెప్పారు.

జీపు వెళ్లాక తాతయ్య నా బుగ్గ గిల్లి, "అచ్చం నా పోలికే!" అని, బాగా ముగ్గిన చిన్నరసం ఒకటి ఏరి చేతిలో పెట్టాడు. తిన్నాను. తియ్యగానే ఉంది.

తోటక్క పిల్లాడు బతకలేదు. వారం తర్వాత ఆమె మళ్లీ బావి దగ్గరకు వచ్చింది, ఈసారి చిన్న బిందెతో. "పొయ్యండి చిన్నమ్మగారూ" అంది, ఎప్పటిలాగే. మా ఊరికి కాలువ రాలేదు. ఆ చెక్కలు ఇప్పటికీ బీడుగానే ఉన్నాయి.

తర్వాత కాలేజీలో చదువుకున్నాను. తాతయ్య చేసింది తప్పని చెప్పడానికి ఇప్పుడు నాకు చాలా మాటలు వచ్చు. కానీ చెంబు ఎత్తమని ఆయన నాకు చెప్పనే లేదు.

ఇదంతా జరిగి ఇరవై ఏళ్లు దాటింది. నాకిప్పుడు రెండేళ్ల కూతురు. మొన్న అన్నం దగ్గర మారాం చేస్తూ నీళ్లడిగింది. "ఈ ముద్ద తిను, అప్పుడిస్తా" అన్నాను. ఏ తల్లయినా అనే మాటే. గ్లాసు నా చేతిలో, దానికి అందనంత ఎత్తులో ఉంది. అది ఏడుపు ఆపి, బుద్ధిగా నోరు తెరిచింది.

ఆ రోజు నుంచి దాని నీళ్ల గ్లాసు నేలమీద, దానికి అందేచోటే పెడుతున్నాను. రోజూ ఒలకబోస్తుంది. తుడుస్తాను.