ఆటోలో వచ్చే నిద్ర ఇంట్లో ఎందుకు రాదు?

కాలిన గాయాలు మానాయి, ఇక డ్రెస్సింగ్ అక్కర్లేదని శ్రీకాకుళంలో డాక్టర్ గారు చెప్పిన రోజు ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోయారు. నాకు తెల్లవార్లూ రెప్ప పడలేదు. ఏదో తేడాగా ఉందని అప్పుడే అనిపించింది.

అంతకు కొన్ని నెలల ముందు, అందరూ నిద్రలో ఉండగా టీ పెడదామని లేచి స్టవ్ వెలిగించాను. గ్యాస్ లీకవుతోంది. జలుబు వల్ల నాకు వాసన తెలియలేదు. రెండు చేతులూ, మెడా కాలాయి. తొడ చర్మం తీసి కాలినచోట అతికించే గ్రాఫ్టింగ్ చేశారు. నొప్పి తగ్గాక దురద మొదలైంది. మచ్చలు ఉబ్బకుండా బిగుతుగా తొడిగిన ప్రెషర్ గార్మెంట్ లోపల చీమలు పాకినట్టుండేది. దానివల్లే నిద్ర రావడం లేదనుకున్నాను. మాత్రలతో దురద తగ్గినా నిద్ర రాలేదు. కునుకు పడితే చాలు, భగ్గుమన్న చప్పుడు వినిపించి లేచి కూర్చునేదాన్ని. పగలు మా పాప మీద ఊరికే అరిచేదాన్ని. చర్చికి వెళ్ళడం మానేశాను. ఇలా బతకడం ఎందుకని కూడా అనిపించేది.

ఒక్కటే విచిత్రం. మా ఆయన నరసన్నపేటలో ఆటో నడుపుతాడు. ఫిజియోథెరపీకి తనే తీసుకెళ్ళేవాడు. ఆటో కదిలిన కాసేపటికే నాకు ఒళ్ళు తెలియని నిద్ర పట్టేది.

“ఏటే ఇది! పరుపు మీద రాని నిద్ర ఈ కుదుపుల్లో ఎలగొస్తాది?” అనేవాడు.

నాకూ అదే వింతగా ఉండేది. గాలి వల్లనా? ఇంట్లో ఫ్యాను మొహానికి ఎదురుగా పెట్టుకుని చూశాను. లాభం లేదు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయికి చెబితే, సైకియాట్రిస్ట్‌ని కలవమంది. మా ఆడపడుచుకు అది నచ్చలేదు.

“నీకేటి పిచ్చా? పార్థన సేసుకో, అదే పోతాది” అంది.

“పార్థనా సేద్దాం, డాక్టర్నీ సూద్దాం” అని మా ఆయన ఆటో తీశాడు.

డాక్టరమ్మ అంతా విని, “ఆటోలో మెలకువగా ఉండేదెవరు?” అని అడిగారు.

“మా ఆయన.”

“మరి రాత్రి ఇంట్లో?”

నాకు ఏడుపొచ్చింది. అందరూ పడుకున్నాక గ్యాస్‌కి కాపలా కాస్తున్నది నేనే.

“దీన్ని పీటీఎస్‌డీ అంటారమ్మా. ప్రమాదం అయిపోయిందని మీ మనసుకి ఇంకా నమ్మకం కుదరలేదు” అన్నారు.

మాత్రలు, కౌన్సెలింగ్ మొదలుపెట్టారు. పడుకునే ముందు సిలిండర్ ఒక్కసారే చూడాలి, మళ్ళీ లేవకూడదు అన్నారు. మొదట ఆరిన స్టవ్ పక్కన కూర్చోమన్నారు. తర్వాత మా ఆయన వెలిగిస్తుంటే చూడమన్నారు. కాస్త నిద్ర పట్టగానే మాత్రలు నా అంతట నేనే ఆపేశాను. వారం తిరక్కుండానే కథ మళ్ళీ మొదటికొచ్చింది. “ఆపే ముందు నన్నడగాలి” అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పారు.

ఇప్పుడు చాలా రాత్రులు నిద్రపోతున్నాను. ఉక్కపోతకు దురద పెరిగితే ఇప్పటికీ మెలకువ వస్తుంది. మొన్న పాపకి నేనే అట్టు వేశాను. “ఇంకోటెయ్యమ్మా” అంది. వేశాను.

కాలిన గాయాలున్నవాళ్ళు డ్రెస్సింగ్‌కి వెళ్ళినప్పుడు నొప్పి గురించి చెప్పినట్టే నిద్ర గురించీ చెప్పండి. ఎవరో ఒకరు అడుగుతారులే అని నాలా ఎదురుచూడకండి.