నాగరాజు నిలబడ్డ చోట నీళ్ళు

ఒక ఊరికి గుక్కెడు నీళ్ళు లేకుండా చేసిన ఘనత నాది. ఏ నాయకుడి సాయమూ తీసుకోలేదు, ఏ అధికారినీ తప్పుపట్టను. కదిరి బస్టాండు దగ్గర, ఖాదర్ అన్న ఇంటర్నెట్ సెంటర్లో, ఒక కాలు అతికించిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ పని పూర్తి చేశాను. ఊరు కంప్యూటర్ ఆటలోది కదా అని మీరు తేలిగ్గా తీసుకోవచ్చు. మేము తీసుకోలేదు.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి, ఎందుకంటే దాని మీద నా కోపం ఇంకా తగ్గలేదు. కదిరికి బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఒకేసారి కూర్చుని ఆడేవాళ్ళు. ఎడారిలో ఊరు కట్టుకోవాలి. ఇసుక కింద అక్కడక్కడా నీళ్ళుంటాయి. ఎక్కడో చెప్పరు. బావి ఎండితే ఊరు చెరిగిపోతుంది. అంతే ఆట. దీన్ని తయారుచేసినవాళ్ళ ఊళ్ళో ఏడాది పొడుగునా వంకలు పారుతుంటాయి కాబోలు, వాళ్ళకిది వినోదం. అనంతపురం జిల్లాలో పుట్టి, డబ్బులిచ్చి మరీ మీరెందుకు ఆడారని అడగవచ్చు. ఖాదర్ అన్న రోజూ అడిగేవాడు.

"ఏమప్పా, కారు రేసులుండాయి, తుపాకుల ఆటలుండాయి. ఈడికొచ్చి కూడా నీళ్ళకేనా మీరు ఏడ్సేది?"

"ఇది ఆట కాదన్నా, మా ఊరు," అనేవాడు నాగరాజు.

నాగరాజు నాతోపాటు డిగ్రీ చదువుతున్నవాడు. నా పక్క కంప్యూటర్ అతనిది. ఇద్దరం కలిసి ఏడాది పాటు కట్టిన ఊరు అది. గుడారాలు, మేకలు, చుట్టూ మట్టి గోడ, మధ్యలో ఒకటే బావి. ఆ బావిలో నీళ్ళు తగ్గిపోతున్నాయి. కొత్త బావికి కావలసిన సామాను నెలల తరబడి కూడబెడితే ఒక్క తవ్వకానికి సరిపడా పోగైంది. అది గురి తప్పితే ఊరు పోతుంది.

అదే వారం ఇంట్లో నాయన బోరు వేయించే పనిలో ఉన్నాడు. నీళ్ళు చూసే సంజన్న అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. పక్క చేనివాళ్ళ బోరు దగ్గరికి రాగానే టెంకాయ నిటారుగా లేచి నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాయనా, పక్కన బోరు పోస్తాంటే ఆడ నీళ్ళుండాయని ఎవురైనా చెప్తారు! బోరు పక్కన బోరు ఏస్తే రెండూ పోతాయి. ఆ మాత్రం తెలీదా?"

"టెంకాయ లేసినాది కదప్పా."

"టెంకాయ ఏం చదివినాది?"

"నువ్వు చదివినావు కదా. యాడుండాయో నువ్వు చెప్పు," అన్నాడు నాయన.

ఆ మాట గుచ్చుకుంది. చేనులో చెప్పలేను. ఆటలో చెప్పి తీరతాను అనుకున్నాను.

మన కంప్యూటరూ, ఎక్కడో ఉన్న ఆట సర్వరూ ఎప్పుడూ మాట్లాడుకుంటూ ఉంటాయి. ఆ మాటలు అంకెల్లో ఉంటాయి. వాటిని దారిలో పట్టి చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి సంపాదించాను. ఏ అంకె దేనికి గుర్తో కనిపెడితే సర్వరు మనసులో ఏముందో తెలిసిపోతుంది. పద్ధతి సులువు. ఆటలో ఒక్క పని చేయాలి, ఏ అంకె మారిందో చూడాలి. ఒక అడుగు వేస్తే రెండు అంకెలు మారాయి, అవి నేనున్న చోటు. నీళ్ళు తాగితే ఒక అంకె మారింది, అది నా దాహం. కొద్ది రోజుల్లో సగం భాష వచ్చేసింది. సగం కన్నడంతో గుమ్మఘట్ట అవతల, కర్ణాటకలో ఎద్దులు కొనబోయి రెండు ముసలి ఎద్దులతో తిరిగొచ్చిన మా మామ నాకప్పుడు గుర్తు రాలేదు.

ఆటలో కర్రతో ఇసుకను గుచ్చి చూడవచ్చు. గుచ్చిన ప్రతిసారీ సర్వరు 'తేమ లేదు' అనేది. ఆ జవాబు వెంట ఇంకో రెండు అంకెలు వచ్చేవి. ఉత్తరానికి పోయి గుచ్చినా అవే. దక్షిణానికి పోయి గుచ్చినా అవే. లెక్క కట్టి చూస్తే అవి చెప్పే చోటు సరిగ్గా మా బావి గట్టు.

"రేయ్ నాగరాజూ, దొరికినాదిరా! యాడ గుచ్చినా మన బావినే చూపిస్తాంది. నీళ్ళు యాడుండాయో దీనికి తెలుసు!"

"మన బావి మనకూ తెలుసు కదప్పా."

"గమ్మునుండు. నీకు అర్థం కాదు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు నీళ్ళున్న చోట మనిషిని కాపలా పెట్టకుండా ఎవరూ ఇంటికి పోరు. మోటరు పక్కన మంచం వేసుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆటలో కూడా నాగరాజు అదే చేశాడు. నేను ఎడారంతా తిరుగుతుంటే అతని బొమ్మ మనిషి బావి గట్టు మీద కాపలా నిలబడేవాడు. ఆ చుట్టుపక్కల దొంగలెవరూ లేరు. అయినా నిలబడేవాడు. మీకు విషయం ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. దానికి డిగ్రీ చదువుతూ ఉండాలి.

మరుసటి రోజు ఆ అంకెలు కొంచెం మారాయి.

"ఊట కదిలినాది! తూర్పుకు జరిగినాది!" అని అరిచాను.

"నేనూ ఇప్పుడే తూర్పుకు జరిగినా. ఈడ ఈతచెట్టు నీడ ఉండాది," అన్నాడు నాగరాజు.

"నీ నీడ ఎవురికి కావల్ల? బిన్నా సామాను తీ, తడవు చేయొద్దు. ఆ చెట్టు కాడనే తవ్వల్ల."

"ఆడ నేనే నిలబడుకోని ఉండా సీనా."

"పక్కకు జరుగు!"

జరిగాడు. అంకెలు మళ్ళీ మారాయి.

"అయ్యో, ఊట మళ్ళా కదిలినాదిరా!"

"యా పక్కకు?"

"నువ్వు పోయిన పక్కకే! నీ యెనకాలే వస్తాంది!"

ఖాదర్ అన్న బల్ల దగ్గర నుంచి లేచి వచ్చాడు. "నీళ్ళు నీ యెనకాల వస్తాంటే, నాగరాజూ, ఆట ఇడిసిపెట్టి మా ఇంటికి రాప్పా. కొళాయి వచ్చి ఎన్ని దినాలైనాదో."

సెంటర్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు కోపం వచ్చింది. సర్వరు స్వయంగా చెబుతుంటే వీళ్ళకు ఎగతాళి!

"కదలొద్దు! ఉన్న చోటే ఉండు! ఆడనే తవ్వు!"

"బావికి ఇంత దగ్గర తవ్వితే ఊట చీలిపోతాదేమో సీనా. మీ నాయనకు నువ్వు చెప్పింది అదే కదా?"

"అది టెంకాయ చెప్పింది. ఇది సర్వరు చెప్తాండాది. సర్వరు ఏంటికి అబద్ధం చెప్తాది?"

నాగరాజు నా మొహం కేసి చూశాడు. ఏడాది కష్టం అతని చేతి కింద ఉంది. "నువ్వు చూసినావంటే సరేప్పా," అని తవ్వాడు.

నీళ్ళు పడ్డాయి! నేను ఎగిరి గంతేశాను. కుర్చీకి అతికించిన కాలు ఊడిపోయింది. నాగరాజు నన్ను కావలించుకున్నాడు. ఖాదర్ అన్న కూడా దిగివచ్చాడు. "చదువుకున్నోళ్ళు చదువుకున్నోళ్ళేప్పా," అన్నాడు.

బయటికి పోయి టీ తాగి వచ్చేసరికి రెండు బావులూ ఎండిపోయి ఉన్నాయి. ఒకే ఊటకు రెండు నోళ్ళు పెట్టాం. మేకలు పడిపోయాయి. గుడారాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. నాగరాజు మనిషి మాత్రం ఎండిన బావి పక్కన కాపలా నిలబడే ఉన్నాడు. చివరికి మా ఇద్దరి బొమ్మలూ, ఇసుకా మిగిలాయి.

నాగరాజు తన కుర్చీ నా పక్కకు లాక్కున్నాడు. తర్వాత అడిగాడు, "ఇంతకీ ఆ అంకెలు ఏంటివి సీనా?"

ఇసుకను ఇంకోసారి గుచ్చాను. అంకెలు వచ్చాయి. బావి లేదు, నీళ్ళు లేవు, అయినా వచ్చాయి.

"రెండడుగులు వెయ్యి," అన్నాను. వేశాడు. అంకెలు మారాయి. "వెనక్కి రా." వచ్చాడు. అంకెలూ వచ్చాయి.

"నువ్వేరా," అన్నాను. "అవి నువ్వే."

మన జట్టువాడు ఎక్కడున్నాడో ప్రతి జవాబుతోనూ చెప్పడం ఆ సర్వరుకు అలవాటట. నీళ్ళ గుట్టు మాత్రం అది తన దగ్గరే దాచుకుంటుంది, మన కంప్యూటర్ దాకా రానివ్వదు. ఇన్ని రోజులు ఒళ్ళు వంచి, నా పక్క కుర్చీలో కూర్చున్న నాగరాజు ఎక్కడున్నాడో కనిపెట్టాను. తప్పు నాదే, ఒప్పుకుంటాను. అయినా అడుగుతున్నాను, నీళ్ళెక్కడ అని అడిగిన మనిషికి నాగరాజు చిరునామా చెప్పడం ఏం మర్యాద?

ఇంటికి పోతే నాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. తల నిండా తెల్లటి రాతిపొడి. బోరు బండి వెళ్ళిపోయింది. నీళ్ళు పడ్డాయా అని అడగాల్సిన పని లేదు.

"నీకేమైనాదిరా, మొగం అట్లుండాది?" అన్నాడు.

చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"బావి పక్కనే తవ్వినారా?"

"ఊఁ."

"చోటు ఎవురు చూపించినారు?"

"నేనే."

ఆ రోజు ఆయన నవ్వుతాడని నేను అనుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. లోపలికి పోయి సంజన్న తిప్పిన టెంకాయ తెచ్చి, గడప మీద కొట్టి, ఒక చిప్ప నాకిచ్చాడు.

"తిను. సంజన్న చూస్తే కడాకు ఇదన్నా మిగుల్తాది. నీ కంప్యూటర్ చూస్తే ఏం మిగిలినాది?"

చిప్పలో కాసిని తియ్యటి నీళ్ళున్నాయి. ఆ రోజు మా ఇద్దరికీ పడ్డ నీళ్ళు అవే.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఏం మిగిలిందన్న ఆ ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉన్నాను. కాబట్టి చదువరులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆటలోగానీ, చేనులోగానీ, నీళ్ళెక్కడున్నాయో ఈ జన్మలో నేను చెప్పను. చెప్పక తప్పని పరిస్థితే వస్తే, ముందు నాగరాజును ఇంటికి పంపించి, చేతిలో ఒక టెంకాయ పెట్టుకుని, అప్పుడు చెబుతాను.